సవరణ 4116-క ఎవరూ చదవలేదు

47వ రోజు

తాయారూ, పొద్దున రేవులో నువ్వు పడవబస్సు అప్పలకొండతో అన్నమాట తప్పు. "యంత్రం పొరపాటు పడిందండీ, పాపం మా అమ్మమ్మకేం తెలుసు" అన్నావు. ఊళ్ళో అనుకుంటున్నదే నిజం, యంత్రం పొరపాటు పడలేదు. ఇక అమ్మమ్మకేం తెలుసంటావా, తెలుసుకోవడానికే మండలివాళ్ళు పదకొండేళ్ళుగా నన్నొక కుర్చీలో కూర్చోబెట్టారు. మనవరాలు నా పక్షాన మాట్లాడిందని సంతోషించాలి కాబోలు. ఆ మాట విని అప్పలకొండ నావైపు తిరిగి నవ్విన నవ్వుకి, సముద్రం ఇంకో రెండు మెట్లు పైకొచ్చి నన్ను తీసుకుపోతే బాగుండుననిపించింది.

నువ్వేమో చదువరుల పరీక్షకి కూర్చుంటానంటున్నావు. అందుకని నా దినచర్యలోంచి కొన్ని రోజులు ఉన్నవి ఉన్నట్టు నీకోసం ఎత్తి రాస్తున్నాను. చదువరి అన్నవాళ్ళు దినచర్య చేత్తో రాయాలని రూలు కదా, అదొక్కటీ మాత్రం నేను తప్పలేదు. రోజుల అంకెలు తర్వాత వేసుకున్నవి. 4116-క అన్న సవరణ అమలైన రోజుని ఒకటి అనుకుని లెక్క కట్టాను. అది ఒకటో రోజని అప్పుడు నాకు తెలియదు. శుక్రవారమని మాత్రం తెలుసు.

1వ రోజు, శుక్రవారం

కిటికీలకి పట్టిన ఉప్పు తుడిచేసరికి తాగేనీళ్ళ పడవ రెండో గంట కొట్టింది. రెండు బిందెలు పట్టాను. మూడో బిందెకి పక్కింటావిడతో మాటామాటా వచ్చింది, బిందె ఆవిడకే దక్కింది. ఉప్పువరి అన్నం, ములక్కాడ పులుసు క్యారేజీలో సర్దుకున్నాను. ఈ బియ్యంతో ఒక సుఖముంది, కూరలో ఉప్పు మర్చిపోయినా ఎవరూ కనిపెట్టలేరు.

ఎనిమిదింటికి అప్పలకొండ పడవబస్సు వచ్చింది.

"మామ్మా, నీ పేరు లాస్యంట గదా. లాస్యవంటే నాట్యవంట, మా అమ్మాయి సెప్పింది. ఏదీ, ఆ మెట్టు మీంచి పడవలోకొక్క గెంతు గెంతు, సూద్దాం."

"నా మోకాళ్ళు రాజీనామా ఇచ్చి ఏడేళ్ళయింది. చెయ్యందుకో ముందు."

అందుకుంది. నలభై అయిదేళ్ళ మనిషి, బియ్యం బస్తాని ఎత్తినట్టు ఎత్తి కూర్చోబెట్టింది. మా తరం ఆడవాళ్ళందరం లాస్యలమూ ప్రణవులమూ. ఆ పేర్లు పెట్టినవాళ్ళకి మేం ఎప్పటికైనా ముసలివాళ్ళం అవుతామని తోచినట్టు లేదు. మీ తరంవాళ్ళు తెలివిగా తాయారులయ్యారు, ముందే సర్దుకున్నారు.

ఆఫీసులో నా జత చదువరి ప్రణవి అప్పటికే కూర్చుని ఉంది. ఇవాళ పన్నెండు సవరణలు. ఎలుకల గదిలో అరడిగ్రీ చల్లదనం పెంచమని ఒకటి. వార్షిక నివేదికలో బొమ్మలు ఎనిమిదికి మించరాదని ఒకటి. ఒక విశ్వవిద్యాలయం పేరు మారిందని ఒకటి. పదకొండున్నరకల్లా ముగించాం. ప్రణవి చేగోడీలు తెచ్చింది. గట్టిగా ఉన్నాయని నేనంటే, పళ్ళు నీవి మెత్తనయ్యాయంది.

ఇక్కడ ఎత్తి రాయడం ఆపి నీకొక సంగతి చెప్పాలి. పరీక్షలో మొదటి ప్రశ్న రెండు నోళ్ళ చట్టం మీదే వస్తుంది, జవాబు నీకు కంఠతా వచ్చు. ప్రభుత్వ సొమ్ముతో జరిగే వైద్య పరిశోధనకి సంబంధించిన ఏ నిబంధన మారినా, ముసాయిదా యంత్రం రాస్తుంది. ఆ యంత్రాన్ని మేం గుమాస్తా అంటాం. ప్రతి సవరణకీ అది వరుస సంఖ్య వేస్తుంది, రెండేళ్ళకోసారి ఆ వరుస మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతుంది. ఇద్దరు మనుషులు ఆ ముసాయిదాని మొదటినుంచి చివరిదాకా, ఇద్దరూ, పైకి చదవాలి. చదివి, వేలిముద్ర వేయాలి. వేసిన క్షణం నుంచి అమలు. సందేహముంటే వేయనక్కర్లేదు, "ఆగు" అంటే చాలు, నలభై రోజులు ఆగుతుంది. ఈ రాష్ట్రంలో గుమాస్తాని ఒక్కమాటతో ఆపగలిగేది చదువరులే. అందుకే రేవులో జనం మాకు దణ్ణం పెడతారు.

పుస్తకంలో లేనిది చెబుతాను. నేనూ ప్రణవీ మొదటి ఏడాది అలాగే చదివాం. రెండో ఏడాది ప్రణవికి గొంతు పట్టేసింది. "బేసి సంఖ్యలు నేను చదువుతాను, సరిసంఖ్యలు నువ్వు చదువు. నువ్వు చదివినవాటికి నిన్ను నమ్మి నేను వేలు వేస్తా, నేను చదివినవాటికి నువ్వెయ్యి" అన్నాను. అన్నది నేనే. గొంతు బాగైంది. అలవాటు మాత్రం బాగవలేదు. పదేళ్ళు.

గుమాస్తా వినదా అంటావేమో. వినదు. మనుషులు చదువుకుంటుంటే యంత్రం చెవి ఒగ్గడం మా గౌరవానికి భంగమని కోర్టుకెక్కినవాళ్ళలో మొదటి సంతకం నాది. గెలిచాం. చదువు గదిలో గంట నొక్కితే తప్ప దానికి మా మాట వినబడదు. ఆ తీర్పు పటం కట్టించి మన ముందుగదిలో పెట్టాను, నువ్వు రోజూ చూస్తున్నదే.

8వ రోజు, శుక్రవారం

పడవలో అప్పలకొండ మొహం అదోలా ఉంది.

"నిన్న సూదెయ్యలేదు మామ్మా. మందు రానేదంట."

అప్పలకొండకి ఉప్పుతిమ్మిరి. ఈ తీరాన అయిదింట ఒకరికి ఉన్నదే. ముందు వేళ్ళ కొసలు మొద్దుబారతాయి, తర్వాత పిడికిలి పట్టు పోతుంది. రేవు ఆసుపత్రిలో డాక్టర్ నూకరత్నం నలభై ఒక్కమంది మీద కొత్త మందు పరీక్షిస్తోంది. గురువారం గురువారం ఒక సూది. రెండేళ్ళుగా అప్పలకొండ చెయ్యి గట్టిగా ఉందంటే ఆ సూది చలవే.

"ఒక వారం అటూ ఇటూ అవుతుందిలే. ప్రభుత్వ వ్యవహారం" అన్నాను.

"మీ ఆపీసోల్లేనేటి?"

"మా ఆఫీసు కాగితాలు చూస్తుంది. మందులు కాదు."

తాయారూ, ఈ ఆఖరి వాక్యం దినచర్యలో ఎంతో అందంగా రాసుకున్నాను. ఆ పూట నా చమత్కారం నాకే నచ్చినట్టుంది. కొట్టెయ్యకుండా ఎత్తి రాస్తున్నాను.

15వ రోజు, శుక్రవారం

రెండో సూదీ పడలేదు. మధ్యాహ్నం డాక్టర్ నూకరత్నం చదువు గదికి వచ్చింది. ముప్ఫై అయిదేళ్ళుంటాయేమో, చెప్పులు చేతిలో పట్టుకుని తడికాళ్ళతో నిలబడింది. గచ్చు పాడవుతుందని నేను ముందు ఆ కాళ్ళే చూశాను.

"లాస్యగారూ, నా పరిశోధనకి పాత అనుమతి గడువు పోయిన నెలాఖరుకి అయిపోయింది. కొత్త అనుమతి పరిశీలనలో ఉంది. ఇదివరకు ఇలాంటప్పుడు మధ్యలో మందు ఆపేవారు కాదు. ఇప్పుడు ఆపేశారు. మిగిలిన సీసాలు కూడా రాజధాని గిడ్డంగికి తీసుకుపోయారు."

"నిబంధన మారి ఉంటుందమ్మా. మారినవి మీకు పంపుతూనే ఉంటాం. మీ డాక్టర్లతో వచ్చిన చిక్కే ఇది, రోగి నాడి చూస్తారు, కాగితం మొహం చూడరు. రూలు చదవకుండా రేవు దాటి ఇంతదూరం ఎందుకొచ్చినట్టు?"

ప్రణవి కిసుక్కున నవ్వింది.

నూకరత్నానికి కోపం రాలేదు. వస్తే బాగుండేది. "చదివానండీ" అంది. "మూడుసార్లు చదివాను. అందులో చివరి పేరా మీకోసం రాసిందే. అది చదివి కూడా మీరు వేలిముద్ర ఎలా వేశారా అని అడుగుదామని వచ్చాను. మీకేదో కారణం ఉండే ఉంటుంది. అది తెలిస్తే మావాళ్ళకి చెప్పుకుంటాను."

ఆవిడ వెళ్ళాక సవరణ తీయించి చూశాను. సంఖ్య 4116-క. ఒకటే పేజీ. పాత అనుమతి ముగిసి కొత్తది వచ్చేలోపు మందు సరఫరా నిలిపివేయాలి, మిగులు వెనక్కి పంపాలి. కారణం కూడా రాసి ఉంది. ఎక్కడో ఒక ప్రయోగశాలలో గడువు దాటిన మందు ఎక్కించి ఇద్దరి ప్రాణం మీదికి తెచ్చారట. సబబైన కారణమే. ఆ కింద చివరి పేరా:

"చదువరులకు మనవి. ఈ సవరణ వలన ప్రస్తుతం మందు తీసుకుంటున్న వారికి మందు ఆగిపోవు అవకాశము కలదు. అట్టివారు ఎందరో, వారికి ఏమగునో నిర్ణయించుటకు నా వద్ద తగిన సమాచారము లేదు. ఇది మనుష్యులు ఆలోచించవలసిన విషయముగా తోచుచున్నది. దయచేసి తొందరపడవద్దు."

గుమాస్తా నన్ను దయచేసి అంది, తాయారూ. నేను వేలేసి చేగోడీ తిన్నాను.

"ఇది నువ్వు చదివావా?" అని ప్రణవిని అడిగాను.

"నాదెందుకవుతుంది? 4116 నాది. దాని తర్వాత వచ్చింది కాబట్టి ఇది నీది."

"4116-క అంటే 4116లో భాగమే కదా. సరిసంఖ్య. నీదే అనుకున్నా."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పదేళ్ళలో క అన్న అక్షరంతో సవరణ రావడం అదే మొదటిసారి. బేసీ కాదు, సరీ కాదు. పన్నెండు కాగితాల్లో పదకొండు పంచుకుని, పన్నెండోదాన్ని ఎదుటిమనిషి ఒళ్ళో ఉందనుకుని, నిశ్చింతగా రెండు వేళ్ళూ వేశాం.

16వ రోజు

ప్రణవి పొద్దున్నే ఇంటికొచ్చింది. ఎప్పుడూ రాదు. మెట్లెక్కలేనంటుంది.

"లైట్ తీస్కోవే" అంది. మా కాలేజీ రోజుల మాట. మీకిప్పుడు శాసనాల తెలుగులా వినిపిస్తుందేమో. "వివరణ కోరుతూ ఒక కాగితం పెడదాం. గుమాస్తా సవరణకి సవరణ రాస్తుంది. అది నువ్వూ చదువు, నేనూ చదువుతాను. అయిపోయింది."

"వివరణకి నలభై రోజులు పడుతుంది."

"పడనీ. చదవలేదని ఒప్పుకుంటే ఏమవుతుందో తెలుసా? చదవని సవరణ చెల్లదు. ఈ ఒక్కటేనా మనం ఇద్దరం చదవనిది? పదేళ్ళవీ అంతే. అన్నీ కూలిపోతాయి. వాటిలో మంచివి లేవా? రోగి అడిగితే ఏ క్షణమైనా పరీక్షలోంచి తప్పుకోవచ్చన్న రూలుకి మన వేళ్ళే ఉన్నాయి. దాన్నీ చెల్లకుండా చేస్తావా?"

ప్రణవి మాటలో న్యాయం ఉంది. నాకు ఆ న్యాయం కంటే, పరువు మీద బెంగ ఎక్కువగా ఉంది. రెండూ ఒకచోట దొరికాయి కాబట్టి న్యాయాన్నే పైన కప్పుకున్నాను. వివరణ కాగితం పెట్టాం.

ఆ వారమంతా నేను అప్పలకొండ పడవ ఎక్కలేదు. మోకాళ్ళ వంక పెట్టి తొమ్మిదింటి పడవలో వెళ్ళాను. "అమ్మమ్మా, ఎనిమిదింటి పడవంటే నీకు ఇష్టం కదా" అని నువ్వడిగావు, గుర్తుందా? గాలి పడట్లేదన్నాను. అది అబద్ధం.

22వ రోజు, శుక్రవారం

నీళ్ళు బాగా పోటుమీదున్నాయని తొమ్మిదింటి పడవ రాలేదు. అప్పలకొండ పడవే ఆలస్యంగా వచ్చింది. తప్పించుకోలేకపోయాను.

"ఏటి మామ్మా, నామీద కోపవొచ్చీసిందేటి? వారవైపోనాది నువ్వగుపడి."

"నీ మీద నాకెందుకు కోపం?"

"అయితే మోకాళ్ళేనా? రా, సెయ్యియ్యి."

చెయ్యిచ్చాను. అప్పలకొండ వేళ్ళు నా మణికట్టు చుట్టూ మూసుకున్నాయి. మూసుకున్నాయంతే, పట్టుకోలేదు. నేను జారి, మెట్టుకీ పడవకీ మధ్య ఒక కాలు నీళ్ళలోకి దిగి, పడవ అంచు పట్టుకుని వేలాడాను. వెనకనున్న ఇద్దరు నన్ను లాగారు. అప్పలకొండ తన అరచేతిని చూసుకుంటూ నిలబడింది. పరాయివాళ్ళ వస్తువేదో చేతిలోకొచ్చినట్టు చూసింది.

"అయ్యో మామ్మా, తప్పైపోనాది. పొద్దున్నుంచీ ఇలాగే ఉంది. సుక్కాని పట్టుకున్నానో నేదో సూసుకుంటే గానీ తెలవట్లేదు."

తప్పయిపోయిందని ఆవిడ నాకు చెప్పింది.

తడిచీరతోనే చదువు గదికి వెళ్ళాను. ప్రణవి నా మొహం చూసి, "వద్దే" అంది. గంట నొక్కాను. పదేళ్ళలో నొక్కడం అదే మొదలు. గంటకి ఉప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది, రెండు బొటనవేళ్ళూ పెట్టి నొక్కాల్సి వచ్చింది.

"నమస్కారము" అంది గుమాస్తా. "చెప్పండి."

"సవరణ 4116-క నేను చదవలేదు."

"పొందుపరచితిని. తమ సహ చదువరి చదివిరా?"

ప్రణవి నావైపు చూడలేదు. బల్ల మీద గీతలేవో లెక్కపెడుతోంది. "లేదు" అంది.

"పొందుపరచితిని. ఇద్దరునూ చదవలేదు కనుక సదరు సవరణ ఈ క్షణము నుండి రద్దు. మందు సరఫరాకు ఆజ్ఞలు పంపుచున్నాను. ఇటువంటివి ఇంకేమైనా కలవా?"

ఇక్కడ ఆగిపోవచ్చు. అప్పలకొండకి మందొస్తుంది. ప్రణవి కళ్ళెత్తి నన్ను బతిమాలింది, నోటితో కాదు. నలభై ఏళ్ళ స్నేహం. తన కూతురి పురిటికి నేనే వెళ్ళాను.

"సగం" అన్నాను.

"అర్థము కాలేదు."

"బేసివి నేను చదివాను. సరివి ఆవిడ చదివింది. రెండు నోళ్ళతో చదివింది మొదటి ఏడాదే. ఆ తర్వాత ఒక్కటీ లేదు."

గుమాస్తా కాసేపు మాట్లాడలేదు. దానికి ఆలోచించడానికి అంతసేపు పట్టదని నాకు తెలుసు. మర్యాదకి ఆగిందనుకుంటాను. "ఇరువది ఆరువేల మూడువందల పన్నెండు" అంది. "ఇవన్నియు చెల్లవన్నచో ఈ రాష్ట్రమున ఏ పరిశోధనకును నేడు నియమము లేదు. మండలికి నివేదించుచున్నాను. తమరు తడిసియున్నారు. ముందు వస్త్రములు మార్చుకొనుడు."

ప్రణవి క్యారేజీ తీసుకుని లేచింది. గుమ్మం దగ్గర ఆగి, "నీ సగం నువ్వు చెప్పుకోవాల్సింది. నా సగం కూడా నువ్వే చెప్పేశావు" అని వెళ్ళిపోయింది. 

26వ రోజు

మండలి తీర్పు శనివారమే వచ్చింది. 4116-క తప్ప మిగతా సవరణలన్నీ తాత్కాలికంగా చెల్లుతాయి. వాటిని మేమిద్దరమే మళ్ళీ చదవాలి, ఇద్దరమూ, పైకి, ప్రతి అక్షరమూ. గుమాస్తా వింటుంది. గది తలుపులు తెరిచి ఉంచాలి. ఎవరైనా వచ్చి కూర్చుని వినవచ్చు. పూర్తయ్యాక మా కుర్చీలు ఖాళీ చేయాలి. రోజుకి నలభై చదివితే రెండేళ్ళ పైన పడుతుంది. జైలైతే ఎవరూ చూడకుండా ఉండేది.

మొదటిరోజే పాతికమంది వచ్చారు. కూరగాయల రాజులమ్మ బుట్ట కూడా దించకుండా గుమ్మంలో నిలబడి, "ఇన్నేళ్ళూ ఈమెకేనా మనం దణ్ణాలెట్టింది" అంది. గుసగుసగా కాదు. మంచిదే, చెవులు నాకింకా బాగానే పనిచేస్తున్నాయని తెలిసింది.

ప్రణవి నాతో మాట్లాడదు. కానీ రూలు ప్రకారం నాకు ఎదురుగా కూర్చుని, నాకు వినబడేట్టు చదవాలి. నిన్న పొద్దుటినుంచీ సాయంత్రందాకా తను నాతో అన్న మాటలన్నీ కుందేళ్ళ బోనుల కొలతల గురించే.

35వ రోజు, గురువారం

మందు గిడ్డంగి నుంచి మంచుపెట్టెల్లో తిరిగి వచ్చింది. నలభై ఒక్కమందికీ సూది వేశారట. నాలుగు గురువారాలు తప్పాయి.

36వ రోజు

అప్పలకొండ ఇంటికి వెళ్ళాను. చెరువు చేపలు తీసుకెళదామని, వద్దనుకున్నాను. చేతిలో ఏదో ఒకటి ఉంటే మాట చెప్పకుండా అదే ఇచ్చేసి వచ్చేస్తానని భయం వేసింది.

గుమ్మంలో కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. ఎడమచేత్తో. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. చెప్పాను. బేసి, సరి, క, చేగోడీలు, అన్నీ. మధ్యలో ఒకటి రెండు చోట్ల నాకు అనుకూలంగా వాక్యం వంగబోయింది, వెనక్కి లాగి మళ్ళీ చెప్పాను.

అంతా విని అడిగింది, "నిన్నా కుర్సీలో కూకోబెట్టింది సదవడానికే గదా మామ్మా?"

"అవును."

"ఇంకేటైనా పని సెప్పినారేటి నీకు? వొంటా గింటా?"

"లేదు."

"మరి సదవనేదేటి?"

 "బద్ధకించాను" అన్నాను. అంతకంటే గొప్పమాట దొరకలేదు.

"ఇంత సదువుకున్నోల్లకీ బద్దకవుంటాదని నానెప్పుడూ అనుకోనేదు" అంది. తిట్టలేదు, ఏడవలేదు. వెల్లుల్లి పళ్ళెం నావైపు జరిపింది. "కూకున్నావు గదా, ఇవొలుసు. నా సెయ్యి రాదు."

ఒలిచాను. పళ్ళెం అయ్యేదాకా లేవలేదు.

47వ రోజు, మళ్ళీ ఇవాళ

నలభై ఒక్కమందిలో ముప్ఫై ఎనిమిదిమందికి పట్టు తిరిగి వస్తోందని నూకరత్నం రాసింది. ఇద్దరికి ఇంకా చెప్పలేనంది. అప్పలకొండ కుడిచేతికి మాత్రం ఇక రాదని, ఉన్నదాన్ని నిలబెట్టడమే సూది పని అని తేల్చింది. పడవబస్సుని ఆవిడ మేనల్లుడికి అప్పగించారు. అప్పలకొండ రేవు మెట్ల దగ్గర నిలబడి టిక్కెట్లు చింపుతోంది, ఎడమచేత్తోనూ పళ్ళతోనూ. పొద్దున నువ్వు ఆ మనిషికే చెప్పావు, యంత్రం పొరపాటని.

ఆవిడకి నిజం తెలుసు. తెలిసీ నీ మాట కాదనలేదు. ఎందుకు కాదనలేదో నన్నడగకు. నీ ముందు నా పరువు నిలబెడదామనుకుందో ఏమో. అదే నిజమైతే నాకది మోయడం ఇంకా కష్టం. కాబట్టి నువ్వే వెళ్ళి ఆ మాట వెనక్కి తీసుకో. "మా అమ్మమ్మ చదవలేదు, నేను తప్పు చెప్పాను" అను. నన్ను వెనకేసుకురావడానికి ఇంకో అక్షరం కలపకు.

ఎలాగూ వెళుతున్నావు కాబట్టి ఒక పని చేసిపెట్టు. గురువారం ఉదయం ఏడున్నరకి అవతలి గట్టున రేవు ఆసుపత్రిలో నూకరత్నం దగ్గర అప్పలకొండ సూదిమందు తీసుకో. ఒక్కచేత్తో పట్టుకుని పడవెక్కడం ఆవిడకి కష్టమని ఈ వారం నుంచి నర్సు ఇంటికే వస్తుంది, తను అప్పటికే వేరే ఇళ్ళకి బయల్దేరి ఉంటుంది కాబట్టి మందు మాత్రం మనం చేర్చాలి. మంచుపెట్టె చిన్నదే. పడవలో కింద పెట్టకు, ఇంజను వేడి తగులుతుంది, ఒళ్ళో పెట్టుకుని కూర్చో. తొమ్మిదిలోపు చేరాలి. మందుతోపాటు, ఇంట్లో సూది వేయించుకోవడానికి ఒక అంగీకార పత్రం ఇస్తారు, నాలుగు పేజీలు, అప్పలకొండ వేలిముద్ర కావాలి. "సదివిందంతా సాల్లే అమ్మా, ఎక్కడెయ్యమంతావు" అని ఎడమచెయ్యి చాపుతుంది. ఇవ్వకు. పక్కన కూర్చుని నాలుగు పేజీలూ పైకి చదువు. చివర చిన్న అక్షరాల్లో ఉన్నదీ చదువు. అర్థం కాని చోట ఆగి ఆవిడ అడిగేదాకా చూడు. అప్పుడు సిరా డబ్బా తియ్యి. సిరా మన బీరువాలో రెండో అరలో ఉంది, గడ్డకట్టిందేమో ముందురోజే మూత తీసి చూసుకో.